యార్క్‌టౌన్ ముట్టడి నమూనా: కొలతలు, మనుషులు, మన పానగల్లు

సోషల్ సార్, నల్లగొండ

అందరికీ నమస్కారం. జిల్లా ఎగ్జిబిషన్ కోసం 9వ తరగతి పిల్లలు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోని యార్క్‌టౌన్ ముట్టడి (1781) ఎంచుకున్నారు. అమెరికన్, ఫ్రెంచి సేనలు కలిసి ఆ ఊళ్ళో ఉన్న బ్రిటిష్ సైన్యాన్ని చుట్టుముట్టిన ఘట్టం అది. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ చెక్క ఉంది. వెనుక గోడకు నాలుగైదు చార్టులు పెట్టే జాగ ఉంది. చేతిలో ఉన్నది వారం రోజులు.

స్కేలు ఎంత పెట్టాలి, కందకాలు ఊరికి ఎంత దూరంలో రావాలి అన్నది మొదటి ప్రశ్న. ఇప్పటి స్కెచ్‌లో గోల్కొండ లెక్క రాతి గోడ, మూలమూలకు బురుజు, నడుమ ఊరు ఉన్నాయి. అది సరికాదని అనుమానం.

రెండోది, మనుషుల చార్టు. అమెరికన్ సేనాని వాషింగ్టన్, ఆయన కింద పనిచేసిన ఫ్రెంచి అధికారి లఫాయెత్, బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ తప్ప ఇంకెవరు ఉండాలి? లొంగుబాటు బొమ్మలో కారన్‌వాలిస్ తన కత్తి వాషింగ్టన్ చేతికి ఇస్తున్నట్టు గీశారు.

మూడోది, మన పాఠంలో వచ్చే శాశ్వత శిస్తు కారన్‌వాలిస్, ఈయన ఒక్కరేనా? "ఈయన పెట్టిన జమీందారీ పద్ధతి నుంచే నల్లగొండ దేశ్‌ముఖులు పుట్టారు" అని ఒక చార్టు తయారై ఉంది. ఉంచాలా, తీసెయ్యాలా? ఆయనకూ నిజాంకూ పానగల్లులో సంధి జరిగిందని ఒకరు చెప్పారు. అయితే ఛాయా సోమేశ్వరాలయం ఫొటో పెట్టొచ్చా?

మొరంగడ్డ

సార్, మొదలు ఆ రాతి గోడ తీపియ్యండ్రి. యార్క్‌టౌన్ కోట కానే కాదు. వర్జీనియాల యార్క్ నది దక్షిణపు ఒడ్డు మీద పొగాకు ఎగుమతి చేసే చిన్న రేవు ఊరు. 1781 ఆగస్టు మొదట్ల కారన్‌వాలిస్ వచ్చినంక తవ్విపిచ్చిన మట్టికట్టలే దానికి గోడలు. గోల్కొండ గ్రానైటు మీద కూసున్నది, 1687ల ఔరంగజేబు ఎనిమిది నెలలు తిప్పలు పడ్డా గోడ లొంగలే, ఆఖరికి లోపలి మనిషి తలుపు తెరిస్తెనే దొరికింది. యార్క్‌టౌన్ పెద్ద తోపులు మొదలుపెట్టినంక ఎనిమిది రోజులకే తెల్లగుడ్డ ఊపింది. ఈ తేడా చూపించకపోతే నమూనాకు అర్థమే లేదు.

స్కేలు 1:2000 పెట్టుకోండ్రి. అంటే 1 సెంటీమీటరుకు 20 మీటర్లు. మీ చెక్క 183 సెం.మీ. పొడుగు, 122 సెం.మీ. వెడల్పు. పొడుగు వైపు నదికి సమంగ రావాలె. పై అంచున 12 సెం.మీ. అవతలి గట్టు, అదే గ్లౌసెస్టర్ పాయింట్. దాని కింద 40 సెం.మీ. నది, ఎందుకంటే అక్కడ నది సన్నబడి సుమారు 800 మీటర్లే ఉంటది. దాని కింద ఊరు, బ్రిటిష్ వాళ్ళ లోపలి మట్టికట్ట కలిపి 20 సెం.మీ. ఆ కట్ట నుంచి, ముట్టడి సేనలు తవ్విన రెండో కందకం 14 నుంచి 18 సెం.మీ., మొదటి కందకం 27 నుంచి 36 సెం.మీ. దూరంల గీయాలె (అసలు దూరాలు సుమారు 300 నుంచి 400 గజాలు, 600 నుంచి 800 గజాలు). మొదటి కందకం పొడుగు 2,000 గజాలు, మీ చెక్క మీద 91 సెం.మీ. అయితది. మిత్రసేనల డేరాలు ఇంకా వెనుకకు ఉండె, అవి చెక్క మీద పట్టయి. అంచున బాణం గీసి "శిబిరాలు ఇటువైపు" అని రాస్తే చాలు, గుంజి లోపల పెట్టకుండ్రి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అసలు కందకం వెడల్పు 10 అడుగులు, లోతు 4 అడుగులు. 1:2000 ల అది ఒకటిన్నర మిల్లీమీటరు. మూడడుగుల దూరం నుంచి చూసేటోళ్ళకు గీత లెక్క గూడ కనపడది. 7 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. లోతు తీసి, "కందకాల వెడల్పు, లోతు స్కేలు ప్రకారం కాదు" అని చీటీ అంటియ్యండ్రి. ఎత్తులకు గూడ అంతే, ఒడ్డు మీది గుట్టను అయిదింతలు లేపాలె. ఆ చీటీ పెట్టకపోతే జడ్జి స్కేలు పెట్టి కొలిచిండంటే మార్కులు పోతయి.

నేల పనికి చెరువు మట్టి, రేగడి వాడకండ్రి. ఆరినప్పుడు గుంజుకొని నెర్రెలు బారుతది. జల్లెడ పట్టిన చల్క ఎర్రమట్టి మూడు పాళ్ళు, రంపపు పొట్టు ఒక పాలు, ఫెవికాల్ సగం నీళ్ళు సగం కలిపి ముద్ద చెయ్యండ్రి. ఒక్కో పూత అర సెంటీమీటరు దాటొద్దు, పూతకు ఒక రాత్రి ఆరనియ్యాలె. ఒక్కసారే మందంగ పోస్తే పైన ఆరి లోపల పచ్చిగ ఉంటది, రెండో రోజు పెచ్చులు లేస్తయి. తడి ఒకవైపే పడుతది గనుక ప్లైవుడ్ పడవ లెక్క వంగుతది. పని మొదలుపెట్టక ముందే అడుగున ఒకటిన్నర అంగుళం రీపర్లు మూడు అడ్డం కొట్టండ్రి. గుట్టకు థర్మోకోల్ వాడితే దాని మీద స్ప్రే పెయింటు కొట్టొద్దు, కరిగి గుంటలు పడుతది. ముందు పేపరు అంటిచ్చి, పైన వాటర్ కలరు.

మొదటి కందకం నుంచి రెండోదానికి పోయే దారి నేరుగ గీయొద్దు. పిల్లలు చేసేటి తప్పుల్ల ఇదే పెద్దది. నేరుగ ఉంటే ఊళ్ళె ఉన్న తోపు ఒక్క గుండుతోటి ఆ దారి పొడుగంత ఊడుస్తది. అందుకే ఆ దారి పాములెక్క మెలికలు తిరుగుతది, ఏ మెలికా శత్రువు వైపు మొఖం పెట్టదు. పద్ధతి ఫ్రాన్సు ఇంజినీరు వోబాన్‌ది, 1673ల మాస్ట్రిక్ట్ ముట్టడిల పక్కాగ నడిచిన పద్ధతి. నూరేండ్లకు గూడ అదే లెక్క. మన దక్కనుల మోర్చాలు అనేటోళ్ళు గద, గా మోర్చాలను వరుసగ తాడు కట్టి ముందుకు జరిపినట్టు అనుకోండ్రి.

జాగ ఉంటే పక్కకు రెండడుగుల పెట్టెల 1:20 స్కేలుతోటి కందకం కోతబొమ్మ పెట్టండ్రి. జనాలు దాని దగ్గరనే నిలబడుతరు. దాంట్ల ముఖ్యమైనది గేబియన్. పేరుకు భయపడొద్దు, అది అడుగు లేని గుమ్మి. వడ్లు పోసే గుమ్మిని కందికట్టెతోటో వావిలి బరిగెతోటో ఎట్ల అల్లుతరో గట్లనే, కాకపోతే మూడడుగుల ఎత్తు, రెండడుగుల అడ్డం. అడుగు ఎందుకు లేదంటే, కందకం అంచున నిలబెట్టి లోపల మట్టి పోస్తే నేలకు నేలే అడుగు అయితది, మోసేటప్పుడు బరువు ఉండది. మీ స్కేలుల 4.5 సెం.మీ. ఎత్తు, 3 సెం.మీ. అడ్డం. థర్మోకోల్ ముక్క మీద 3 సెం.మీ. వలయం గీసి తొమ్మిది చీపురు పుల్లలు గుచ్చి పురికొసతోటి అల్లుకొస్తరు. పుల్లలు బేసి సంఖ్యల ఉండాలె. ఎనిమిది పెడితే ప్రతి చుట్టుల తాడు అదే పుల్ల ముందర నుంచి, అదే పుల్ల వెనుక నుంచి పోతది, అల్లిక పడది, గుంజితే ఊడొస్తది. కింద పుల్లలు ఒక సెంటీమీటరు బయటికి ఉంచితే మట్టిల దిగి నిలబడుతయి. 25 అల్లితే ఒక మోర్చాకు సరిపోతయి.

బ్రిటిష్ వాళ్ళ మట్టి బురుజులకు (రెడౌట్లు) రెండు కట్టుబాట్లు తప్పక చూపాలె. కట్ట మధ్యల అడ్డంగ బయటికి పొడుచుకొచ్చిన చెక్క మేకులు ఒకటి. దానికి ముందు కొమ్మలు చెక్కి శత్రువు వైపు మొనలు తిప్పి పడేసిన చెట్లు రెండోది. చేను చుట్టు తుమ్మకంప వెలుగు ఏస్తం గద, అదే, కాకపోతే మాను మానులతోటి.

నీటిలెక్క

మొరంగడ్డ గారు నేల సంగతి బాగా చెప్పారు, నది సంగతి వదిలేశారు. ఆ 40 సెం.మీ. నీలం రంగు ఖాళీగా ఉంటే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "ఓడ ఎక్కి పారిపోవచ్చు కదా?" అని.

పారిపోవడానికే ఆ ఊరు ఎంచుకున్నారు. లోతైన రేవు, న్యూయార్క్ నుంచి బ్రిటిష్ నౌకలు ఎప్పుడైనా రావచ్చు. ఆ దారి మూసుకుపోవడమే ముట్టడి ఫలితం తేల్చింది, తోపులు మొదలవ్వడానికి నెల ముందే. ఫ్రెంచి అడ్మిరల్ ద గ్రాస్ 28 యుద్ధనౌకలతో, సెయింట్ సైమన్ నాయకత్వంలో 3,000 పైచిలుకు సైనికులతో వెస్టిండీస్ నుంచి ఆగస్టు చివర, యార్క్ నది కలిసే చెసపీక్ అఖాతం చేరాడు. దారిలో హవానాలో 5 లక్షల పెసోలు సమకూర్చుకున్నాడు, ఆ వెండి సిపాయిల జీతాలకు ప్రాణం పోసింది. సెప్టెంబర్ 5న అఖాతం ముఖద్వారం బయట 24 ఫ్రెంచి నౌకలు, 19 బ్రిటిష్ నౌకలు తలపడ్డాయి. పుస్తకం ప్రకారం చూస్తే గెలుపు సగం సగమే. కానీ బ్రిటిష్ అడ్మిరల్ గ్రేవ్స్ దెబ్బతిన్న నౌకలతో న్యూయార్క్ తిరిగిపోయాడు. ఈ సందులో ఇంకో ఫ్రెంచి నౌకాధికారి ద బారా న్యూపోర్ట్ నుంచి ముట్టడి తోపులను ఓడల మీద లోపలికి దాటించాడు. ఆ బరువు తోపులు రాకపోతే మీ కందకాలన్నీ ఉత్త గుంతలే.

వాషింగ్టన్ మనసు మొదట న్యూయార్క్ మీదే. ద గ్రాస్ చెసపీక్‌కే వస్తున్నాడని ఆగస్టు 14న తెలిశాకే ఇటు తిరిగాడు. న్యూయార్క్ మీదికే వస్తున్నారని అక్కడున్న బ్రిటిష్ సర్వసేనాని క్లింటన్‌ను నమ్మించడానికి న్యూజెర్సీలో రొట్టెలు కాల్చే పొయ్యిలు కట్టించారు. సైన్యం ఎక్కడ తింటుందో అక్కడే ఉంటుందని శత్రువు అనుకోవాలని.

తేదీల చార్టు ఇలా రాస్తే చాలు. సెప్టెంబర్ 28న విలియమ్స్‌బర్గ్ నుంచి వచ్చి చుట్టుముట్టారు. 30 తెల్లారేసరికి బ్రిటిష్ వాళ్ళు బయటి మట్టికట్టలను తామే వదిలేశారు (క్లింటన్ సాయం వస్తుందన్న ఉత్తరం చూసి, మనుషులను పొదుపు చేద్దామని, దీనితో ఎదుటివాళ్ళకు దగ్గరి నేల ఊరికే దక్కింది). అక్టోబర్ 6 రాత్రి, వానలో, మొదటి కందకం. చీకట్లో గీత తప్పకుండా తెల్లటి పైన్ బద్దలను నేల మీద వరుసగా పరిచి వాటి వెంట తవ్వారు. 9 మధ్యాహ్నం తోపులు మొదలు. 10న ఎర్రగా కాల్చిన గుండ్లతో ఫ్రెంచి తోపులు ఛారన్ అనే బ్రిటిష్ నౌకను తగలబెట్టాయి. 11 రాత్రి రెండో కందకం. అది నది దాకా సాగలేదు, ఎందుకంటే 9, 10 నంబర్ల బురుజులు అడ్డం. 14 రాత్రి ఆ రెంటినీ లగ్గలెక్కి పట్టారు. 16 తెల్లవారుజామున బ్రిటిష్ వాళ్ళు 350 మందితో బయటికి దూకి ఆరు తోపుల చెవుల్లో (మందు అంటించే రంధ్రాల్లో) బాయినెట్ మొనలు విరగ్గొట్టారు, కొన్ని గంటల్లోనే అవి మళ్ళీ పేలాయి. ఆ రాత్రి పడవల్లో గ్లౌసెస్టర్ వైపు దాటబోతే గాలివాన చెదరగొట్టింది. 17న డోలు కొట్టే పిల్లవాడొకడు కట్ట మీదికెక్కాడు, పక్కన ఒక అధికారి తెల్ల చేతిగుడ్డ ఊపాడు. 19న లొంగుబాటు. అదే 19న క్లింటన్ సాయం నౌకలు న్యూయార్క్‌లో తెరచాప ఎత్తాయి, 24న చెసపీక్ చేరాయి. చార్టులో ఈ 24ను వదలొద్దు.

ఛారన్ కోసం నదిలో, ఊరి పడమటి వైపు, అట్టతో ఓడ చేసి లోపల చిన్న ఎర్ర ఎల్‌ఈడీ, 3 వోల్టుల బటన్ సెల్ పెట్టండి. కొవ్వొత్తి పెట్టొద్దు, పక్కన ఉన్నది థర్మోకోల్.

సోషల్ సార్, నల్లగొండ

ఇద్దరికీ ధన్యవాదాలు. రాతి గోడ తీసేశాం. 9, 10 బురుజులు నది దిగువన తూర్పు వైపు పెట్టాం, కరెక్టేనా? మనుషుల చార్టు ఇంకా ఖాళీ.

పాత గెజిట్

తూర్పు వైపు కరెక్టే. 10వ నంబరు నది గుట్ట అంచునే, 9వది దానికి కొంచెం లోపలికి. అమెరికన్ల మోర్చాలు కుడివైపు, అంటే తూర్పున. ఫ్రెంచి వాళ్ళవి ఎడమవైపు. పడమటి చివర సెయింట్ సైమన్.

కత్తి బొమ్మ మార్చాలి. కారన్‌వాలిస్ ఒంట్లో బాగాలేదని రాలేదు. తన బదులు బ్రిగేడియర్ ఓహారాను పంపాడు. ఓహారా మొదట ఫ్రెంచి సేనాని రోషాంబో వైపు తిరిగాడు, ఆయన వాషింగ్టన్‌ను చూపించాడు, వాషింగ్టన్ తన రెండో స్థానంలోని బెంజమిన్ లింకన్‌ను చూపించాడు. ఈ చివరి మలుపుకు వెనుక లెక్క ఉంది. 1780 మేలో చార్ల్‌స్టన్‌లో బ్రిటిష్ వాళ్ళకు లొంగినవాడు ఈ లింకనే, అప్పుడు ఆయనకు యుద్ధ మర్యాదలు నిరాకరించారు, జెండాలు చుట్టి నడవమన్నారు. యార్క్‌టౌన్ షరతుల్లో అవే మాటలు తిరిగి వచ్చాయి. అప్పుడు బ్యాండు ఒక ప్రత్యేక పాట వాయించిందనే కథ తర్వాతి కాలంలో పుట్టింది, ఆ రోజుల రాతల్లో లేదు, చార్టులో రాయించొద్దు.

షరతులు 18న మూర్ అనే ఆయన ఇంట్లో మాట్లాడుకున్నారు. బ్రిటిష్ తరఫున డుండాస్, అలెగ్జాండర్ రాస్. ఎదుట ఫ్రెంచి తరఫున నోయాయ్, అమెరికా తరఫున జాన్ లారెన్స్. ఈ జాన్ లారెన్స్ తండ్రి హెన్రీ లారెన్స్ ఆ సమయానికి లండన్ టవర్‌లో ఖైదీ. ఆ టవర్‌కు కాన్‌స్టేబుల్ (కోట అధిపతి) పదవిలో ఉన్నది ఎవరు? కారన్‌వాలిసే. తర్వాత ఆ తండ్రికీ కారన్‌వాలిస్‌కూ ఖైదీల మార్పిడి జరిగింది. నల్లజాతి బానిసలకు స్వేచ్ఛ ఇచ్చి దళం కట్టాలని పట్టుబట్టిన జాన్ లారెన్స్ 1782 ఆగస్టులో దక్షిణ కరోలినాలో ఒక చిన్న కొట్లాటలో చనిపోయాడు.

14 రాత్రి దాడికి 400 మంది చొప్పున రెండు దళాలు. 10వ నంబరు మీదికి అలెగ్జాండర్ హామిల్టన్, 9వ నంబరు మీదికి ఫ్రెంచి సైన్యంలోని జర్మన్ అధికారి విలియం ఆఫ్ ద్యూ-పాఁ (Deux-Ponts). హామిల్టన్ దళానికి తుపాకుల్లో మందు కూరవద్దని, బాయినెట్ మాత్రమేనని ఆజ్ఞ, పొరపాటున ఒకటి పేలితే దొరికిపోతామని. అమెరికన్లు కంప నరికేవాళ్ళ కోసం ఆగకుండా సందుల్లోంచి దూరారు, పది నిమిషాల్లో అయిపోయింది, 9 మంది పోయారు. ఫ్రెంచి వాళ్ళు పద్ధతిగా కంప నరికేదాకా గుండ్ల వానలో నిలబడ్డారు, 15 మంది పోయారు. వాళ్ళకు ఎదురున్న బురుజు పెద్దది, లోపల దాదాపు 120 మంది, అది కూడా గుర్తుంచుకోవాలి. హామిల్టన్ దళంలో నల్లజాతి సిపాయిలున్న రోడ్ ఐలండ్ రెజిమెంట్ వాళ్ళూ ఉన్నారు.

ఇద్దరికి ప్రత్యేకంగా జాగ ఇవ్వండి. ఒకరు జేమ్స్. బానిస. లఫాయెత్ పంపితే పారిపోయి వచ్చిన బానిసలా బ్రిటిష్ శిబిరంలో చేరి అక్కడి కబుర్లు చేరవేశాడు. యుద్ధం అయ్యాక కూడా బానిసే, ఎందుకంటే వర్జీనియా చట్టం సిపాయిగా పోరాడిన బానిసల మాటే ఎత్తింది, గూఢచారి మాట ఎత్తలేదు. 1784లో లఫాయెత్ రాసిచ్చిన పత్రంతో అర్జీ పెట్టుకుంటే 1787లో శాసనసభ విడుదల చేసింది. తన పేరు జేమ్స్ లఫాయెత్ అని మార్చుకున్నాడు.

రెండోది ఒక మనిషి కాదు, వేల మంది. స్వేచ్ఛ దొరుకుతుందని బ్రిటిష్ సైన్యం వెంట నడిచిన బానిసలు. మశూచి సోకి, తిండి తగ్గాక కారన్‌వాలిస్ వాళ్ళను కట్ట బయటికి వెళ్ళగొట్టించాడు. రెండు సైన్యాల నడుమ అడవిలో చనిపోయారు. వాషింగ్టన్ సైన్యానికి 1777 నుంచే టీకాలు వేయించి ఉన్నాడు, అందుకే మశూచి అటువైపు అంత పని చెయ్యలేదు. బతికినవాళ్ళను షరతుల ప్రకారం యజమానులకు తిరిగి అప్పగించారు. గుర్రాలకు మేత లేక వందల కొద్దీ చంపి నదిలో తోశారు.

స్మారక స్తంభం ఫొటో పెడితే తేదీలు చూసుకోండి. కట్టాలని కాంగ్రెస్ తీర్మానించింది 1781 అక్టోబర్ 29న, పునాది రాయి పడ్డది 1881లో, పూర్తయింది 1884లో. ఇంటర్నెట్‌లో దొరికే యార్క్‌టౌన్ మట్టికట్టల ఫొటోల్లో కొన్ని 1862 అంతర్యుద్ధంలో మళ్ళీ లేపినవి. 10వ నంబరు బురుజులో ఎక్కువ భాగం నది కోతకు పోయింది, ఇప్పుడు కనిపించేది తిరిగి కట్టింది.

కృష్ణవార, వనపర్తి

మూడో ప్రశ్న మిగిలింది. ఒక్కరే సార్. యార్క్‌టౌన్‌లో ఓడిన అయిదేళ్ళకు, 1786లో, గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు. వెంట సైనిక కార్యదర్శిగా వచ్చింది మూర్ ఇంట్లో షరతులు రాసిన అదే అలెగ్జాండర్ రాస్. 16న తోపుల చెవులు మూసిన దాడి నడిపిన రాబర్ట్ ఎబర్‌క్రాంబీ తర్వాత బొంబాయి గవర్నర్, 1792లో మలబారు వైపు నుంచి శ్రీరంగపట్నం చేరిన సేనాని. ఈ ముగ్గురి బొమ్మలు పక్కపక్కన పెట్టి అమెరికా నుంచి మైసూరుకు దారం కట్టండి, చార్టు దానంతట అదే మాట్లాడుతుంది.

రెజిమెంట్ల నంబర్లతో మాత్రం జాగ్రత్త. యార్క్‌టౌన్‌లో 71, 76 నంబర్ల హైలాండర్లు లొంగారు. మైసూరు యుద్ధంలోనూ 71, 76 ఉన్నాయి. అవి వేరు. పాతవి యుద్ధం తర్వాత రద్దయ్యాయి. 1786లో 73వ రెజిమెంటుకు 71 నంబరు వచ్చింది, కొత్త 76వది 1787లో పుట్టింది. నంబరు చూసి మనుషులను కలిపేస్తారు.

పానగల్లు. సంధి నిజమే, ఫొటో తప్పు. మీ నల్లగొండ పక్క పానగల్లు గుళ్ళ ఊరు. ఇది వనపర్తి వైపు, కృష్ణకు ఉత్తరాన ఉన్న కొండకోట పానగల్లు. టిప్పు మీద కంపెనీ, నిజాం, పీష్వా కలిసిన కూటమిలో నిజాం వంతు ఒప్పందం 1790 జూలై 4న ఇక్కడ ఖరారైంది, కంపెనీ తరఫున కెన్నవే. నిజాం అలీఖాన్ అప్పుడు ఈ కోటలో మకాం. కాబట్టి కోట గుట్ట ఫొటో పెట్టండి.

యార్క్‌టౌన్‌లో నేర్చుకున్నది మైసూరులో వెంటనే పనికొచ్చిందని రాయకండి, పిల్లలు అలా రాయాలని చూస్తారు. 1791 మే నెలలో శ్రీరంగపట్నం ముందు కారన్‌వాలిస్ గెలిచి కూడా వెనుదిరిగాడు. వానలు, పశువుల రోగం, ఎడ్లు చచ్చాయి, లాగే దిక్కు లేక ముట్టడి తోపులను తానే పగలగొట్టించాడు. యార్క్‌టౌన్‌లో ఓడలు రాక, ఇక్కడ ఎడ్లు లేక. మరుసటి ఏడు మొదట తిండి సంగతి చూసుకున్నాడు. ఎడ్ల మీద ధాన్యం తోలే బంజారాలను కుదుర్చుకున్నాడు. మన దేవరకొండ, అచ్చంపేట తండాల పిల్లలు మీ క్లాసులో ఉంటే ఆ చార్టు వాళ్ళ చేతికివ్వండి. 1792 ఫిబ్రవరి 6 రాత్రి మూడు దళాలుగా దాడి, తర్వాత మళ్ళీ అదే కందకాల లెక్క. మార్చిలో సంధి: సగం రాజ్యం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు, టిప్పు ఇద్దరు కొడుకులు తాకట్టు. నిజాం వంతుకు కడప సీమ వచ్చింది. 1800లో నిజాం దాన్నీ, 1799లో మైసూరు నుంచి దక్కిన సీమలనూ కలిపి కంపెనీకి ఇచ్చేశాడు, దత్తమండలాలు అంటే అవే.

ఇక దేశ్‌ముఖుల చార్టు. తీసెయ్యండి. శాశ్వత శిస్తు 1793లో బెంగాల్, బీహార్, ఒరిస్సాలకు. మద్రాసు వైపు 1802 నుంచి ఉత్తర సర్కారులకు వచ్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ నిజాం ఏలుబడి, ఆ చట్టం ఇక్కడ నడవలేదు. దేశ్‌ముఖ్, దేశ్‌పాండే హక్కులు కారన్‌వాలిస్ కంటే ఎంతో పాతవి. 1860లలో సాలార్‌జంగ్ వసూలు పని సర్కారు చేతికి తీసుకొని వాళ్ళకు రుసుములు (వసూలు హక్కుకు బదులు భత్యం) ఇప్పించాడు, ఆ తర్వాతే భూములు వాళ్ళ చేతుల్లో పోగుపడ్డాయి. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు వేరే లెక్క, అవి నిజాంకు పేష్కషు (కప్పం) కట్టేవి. పరీక్ష పుస్తకాల్లో జమీందారీ, దేశ్‌ముఖీ, సంస్థానం మూడింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

కారన్‌వాలిస్ 1805లో రెండోసారి వచ్చి రెండు నెలలకే అక్టోబర్ 5న ఘాజీపూర్‌లో చనిపోయాడు. సమాధి గంగ ఒడ్డున అక్కడే ఉంది.

సోషల్ సార్, నల్లగొండ

దేశ్‌ముఖుల చార్టు తీసేశాం, బంజారాల చార్టు మొదలైంది. చివరి అనుమానం: జెండాలు. ఫ్రాన్సుకు నీలం, తెలుపు, ఎరుపు కాగితం కోసి పెట్టారు.

పాత గెజిట్

ఆ మూడు రంగులు ఫ్రెంచి విప్లవం తర్వాతివి. 1781లో ఫ్రెంచి రాజుది తెల్ల జెండా, మీద బంగారు లిల్లీ పూలు పెట్టొచ్చు. కానీ ఉత్త తెల్లది పెడితే చూసేవాళ్ళు లొంగుబాటు గుడ్డ అనుకుంటారు, పూలు తప్పక గీయించండి. బ్రిటిష్ జెండాలో ఏటవాలు ఎర్ర గీతలు ఉండవద్దు, అవి 1801లో ఐర్లండ్ కలిశాక వచ్చాయి. ఏటవాలుగా తెలుపు మాత్రమే. అమెరికాకు 13 చుక్కలు, 13 గీతలు. లొంగుబాటు వరుసలో బ్రిటిష్ జెండాలు చుట్టి ఉండాలి, విప్పి కాదు.